నాలుగున్నర అంగుళాల వెనకలోతు

"చక్రం గురించి నన్నడగడమంటే, రోజర్, సముద్రాన్ని ఉప్పెక్కడిదని అడగడమే! కూర్చో ముందు. ఈశ్వరమ్మా, ఇటో టీ పట్రా," అన్నాడు రంగయ్య.

"కూర్చునే టైము లేదు, తోంతోం," అన్నాడు రోజర్. క్రియోల్ పిల్లలు పెద్దవాళ్ళని మామా అని పిలిచే పిలుపు అది. అతని చొక్కా నుంచి నీళ్ళు కారుతున్నాయి.

1967 జనవరి. పోర్ట్ లూయిస్‌కి ఉత్తరాన, గుడ్‌ల్యాండ్స్ బజారులో ఈశ్వరమ్మ టీ దుకాణం. తుఫాను దీవి వైపే వస్తోందని పొద్దున్నే రేడియోలో చెప్పారు. ఈశ్వరమ్మ అప్పటికే ఒక కిటికీకి చెక్కలు కొట్టించింది, రెండోది వెలుతురు కోసం వదిలింది. రోజర్ చెరకు ఎస్టేటులో లాండ్‌రోవర్ నడుపుతాడు. అతని భార్య మోనిక్‌కి తొలిచూలు. వాగు అవతల కూలీల కాంపులో, వాళ్ళమ్మ దగ్గరుంది. తెల్లారుతూనే నొప్పులు మొదలయ్యాయని కబురొచ్చింది. మంత్రసాని నర్సమ్మ సంచీ సర్దుకోడానికి ఇంటికెళ్ళింది. మేనేజరు బండి తీసుకెళ్ళమన్నాడు. కాని మూడ్రోజుల వానకి చెరకు తోటల దారి బురదగుంటలయింది. మామూలు టైర్లయితే సగం దారిలోనే కూరుకుపోతాయి.

"సైన్యంవాళ్ళ పెద్ద టైర్లు షెడ్డులో ఉన్నాయి," అన్నాడు రోజర్. "రిమ్ములు నాలుగేసి చొప్పున రెండు సెట్లున్నాయి. ఒకదానికి వెనకలోతు నాలుగున్నర అంగుళాలు, ఇంకోదానికి మూడు. ఇద్దరు మనుషులు లీవర్లు పట్టుకుని కాచుక్కూర్చున్నారు. ఏది ఎక్కించమంటావు? ఒక్క మాట చెప్పు, పోతాను."

రంగయ్య ఎస్టేటు వర్క్‌షాపులో ముప్పై ఏళ్ళ మెకానిక్కు. ఒక్క మాటలో ఏదైనా చెప్పిన పాపాన పోలేదు.

"ఒక్క మాటా? ఇది ఒక్క మాటలో తేలే సంగతా? విను. రిమ్మును బోర్లా పడుకోబెట్టు. వెనక అంచు మీద అడ్డంగా ఓ ఇనప బద్ద పెట్టు. ఆ బద్ద నుంచి కిందికి, నట్లు బిగించే పళ్ళెందాకా స్కేలు దింపి కొలువు. అదీ వెనకలోతు. అది ఎక్కువైతే చక్రం బండి లోపలికి జరుగుతుంది, తక్కువైతే బయటికి పొడుచుకొస్తుంది. చిన్న టైరుకి ఎలా ఉన్నా ఫరవాలేదు. పెద్ద టైరుకి అదే ప్రాణం. కారోల్ తుఫానప్పుడు ఈ చేతుల్తోనే పెట్టాను పెద్ద టైర్లు. ఈ దీవిలో అంతకుముందు ఎవడూ పెట్టలేదు. వాగు దాకా వెళ్ళాను, నీళ్ళు ఇరుసుదాకా ఉన్నాయి, మెల్లగా దాటేశాను. అంతే."

"అంతేనా!" అంది ఈశ్వరమ్మ టీ గ్లాసు పెడుతూ. "పోయిన వారం తలుపుదాకా అన్నావుగా?"

"తలుపుదాకానే! ఇరుసుదాకా అన్నది గట్టు దగ్గర, నడిమధ్యకొచ్చేసరికి తలుపుదాకా. నన్ను చెప్పనిస్తావా? తలుపు సందుల్లోంచి నీళ్ళు లోపలికొస్తున్నాయి, చేపలొస్తున్నాయి, ఓ మలుగుపాము వచ్చి నా గేరు రాడ్డుకి చుట్టుకుంది, గేరు మార్చాలంటే దాన్నడగాలి. నేను దడవలేదు. ఎందుకంటే టైర్ల నిండా గాలి, ఒక్కో టైరు ఒక్కో పడవ. బండి నేలొదిలి తేలింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"తోంతోం, ఆ రోజు పెట్టింది ఏ రిమ్ము?" అన్నాడు రోజర్. అతని కళ్ళు వీధిలో ఉన్నాయి. బజారు మీద ఒక రేకు ముక్క దొర్లుకుంటూ పోతోంది.

"అక్కడికే వస్తున్నా. స్టీరింగు తెడ్డయింది. ఎడమకి తిప్పితే ఎడమకి, కుడికి తిప్పితే కుడికి. అంతలో గాలి! కాంపు ఇళ్ళ కప్పులన్నీ లేచాయి. ఓ రేకుల కప్పు, నాలుగ్గదుల ఇంటిది, ఎగురుకుంటూ వచ్చి నా బండి మీద వాలింది. ఇంకోడైతే చచ్చేవాడు. నేనేం చేశాను? తాడేసి బంపరుకి కట్టేశాను. కడితే ఏమైంది? తెరచాప! వాగు లేదు, గట్టు లేదు, చెరకు తోట పైనించి పోతోంది బండి. కింద చెరకు వెన్నులు టైర్లని చీపుళ్ళలా ఊడుస్తున్నాయి. మిల్లు చిమ్నీ పక్కనించి పోతూ చెయ్యి చాచి, మసి వేలికి అంటించుకుని బొట్టు పెట్టుకున్నా."

మామూలప్పుడైతే దుకాణం పగలబడి నవ్వేది. ఈశ్వరమ్మ మాత్రం కొంచెం నవ్వి, రోజర్ మొహం చూసి ఆపేసింది. పైన రేకులు ఒక్కసారి లేచి మళ్ళీ కూర్చున్నాయి.

"రంగయ్యా, పాపం ఆ అబ్బాయికి చెప్పవయ్యా," అంది.

"చెప్తున్నాగా! గాలి ఒక్కసారిగా ఆగింది. ఎందుకాగింది? తుఫాను కన్ను. నడినెత్తిన ఎండ, చుట్టూ గోడలా నల్ల మబ్బు. తెలివితక్కువవాడు అక్కడ ఆగి దేవుడికి దండం పెడతాడు, కన్ను దాటిపోతుంది, అవతలి గాలి వాణ్ణి తినేస్తుంది. నేనాగలేదు. కన్ను గంటకి పన్నెండు మైళ్ళు నడుస్తోంది, నేనూ పన్నెండే నడిపాను. దానితోపాటు, మధ్యలో, చుక్క వాన పడకుండా! రోజ్ హిల్ మీదుగా పోయాం నేనూ కన్నూ. జనం కిటికీల్లోంచి చూస్తున్నారు, నా బండి వచ్చినప్పుడు ఎండ, పోగానే వాన. ఓ ముసలమ్మ, 'నాయనా, బట్టలు ఆరేదాకా ఇక్కడే ఆగు,' అని అరిచింది. కాసేపు ఆగాను కూడా."

"కన్ను ఆగిందా నీ కోసం?" అంది ఈశ్వరమ్మ.

"మర్యాద తెలిసిన తుఫానమ్మా అది! అక్కణ్ణించి పోర్ట్ లూయిస్. రేవులో ఏం చూశాను? ఒక పెద్ద ఓడ గట్టెక్కి పడుకుంది, ఒడ్డున పడ్డ తిమింగలంలా. కెప్టెను ఏడుస్తున్నాడు. రెండు టగ్గు పడవలు లాగి లాగి తాళ్ళు తెంచుకున్నాయి. నేను, 'ముసియే, కన్నీళ్ళు తుడుచుకో,' అన్నాను. ఓడ గొలుసు తెచ్చి బండి వెనక కొక్కేనికి తగిలించాను, నాలుగు చక్రాల గేరేశాను, క్లచ్చి వదిలాను. టైర్లు రేవు రాళ్ళలో గోళ్ళు దించాయి. కదిలింది! మూడు వేల టన్నుల ఓడ! వెన్నలో కత్తి దిగినట్టు సముద్రంలోకి జారిపోయింది, నేనే బ్రేకు వెయ్యకపోతే రీయూనియన్ దాకా పోయేవాణ్ణి."

"ఏ రిమ్ముతో?" రోజర్ బల్ల మీద చెయ్యి చరిచాడు. "బోన్‌ద్యే! దేవుడా, ఓడ లాగావో, కొండ లాగావో నాకొద్దు. మా ఆవిడ అక్కడుంది. మూడా, నాలుగున్నరా?"

రంగయ్య టీ గ్లాసు ఎత్తాడు, తాగకుండా దించాడు. కారోల్ ఏడాది ఆ బండి ఏ రిమ్ముల మీద బయల్దేరిందో ఎస్టేటులో పాతవాళ్ళకి తెలుసు; ఇప్పుడు మూడంటే కథంతా అబద్ధమని తేలిపోతుంది. వర్క్‌షాపు గుమ్మంలో నిలబడి చూసినవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

"నాలుగున్నరే," అన్నాడు. "నేను పెట్టింది నాలుగున్నరే."

"మెర్సీ, తోంతోం!" రోజర్ టోపీ లాక్కుని గుమ్మంవైపు నడిచాడు.

గుమ్మంలో నర్సమ్మ అడ్డంగా నిలబడి ఉంది. అరవై ఏళ్ళ మనిషి, నెత్తిన గోనెపట్టా, చంకలో సంచీ. ఎప్పుడొచ్చిందో, ఎంతసేపు విందో ఎవరూ చూడలేదు. ఆమె రోజర్ ఛాతీ మీద చెయ్యి పెట్టి ఆపింది.

"రంగడూ," అంది. "ఆ రోజు బండిలో నీ పక్క సీట్లో కూర్చున్నదెవర్రా?"

రంగయ్య తల తిప్పాడు.

"నర్సక్కా..."

"నేనే కదా. ఓడా లేదు, కన్నూ లేదు. కారోల్ వెళ్ళిన మర్నాడు మనం వాగు కూడా దాటలేదు. గట్టు మీది మలుపులో కుడికి తిప్పావు. టైరు లోపల, బండి బరువు మోసే కమాను బద్దల మీదికెక్కి పట్టేసింది. స్టీరింగు మళ్ళీ వెనక్కి రాలేదు. నువ్వు యాక్సిలేటరు తొక్కినకొద్దీ ఆ కమాను టైరు పక్కని కోసేసింది. బండినక్కడే వదిలేశాం. మెడదాకా నీళ్ళలో నన్ను భుజాన కూర్చోబెట్టుకుని దాటించావు, అది నిజం. మనం ఆ పురిటింటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు."

ఈశ్వరమ్మ పొయ్యి దగ్గరే ఆగిపోయింది.

"ఆ బిడ్డ పోవడానికి నువ్వు కారణమని నేనెప్పుడూ అన్లేదు," అంది నర్సమ్మ. "ఏడేళ్ళుగా నీ కోతలు ఊరంతా వింటోంది, నేనూ విన్నాను. వినోదం కదా అని ఊరుకున్నాను. ఈ పూట మాత్రం ఊరుకోను. ఈ అబ్బాయికి నిజం చెప్పు."

రోజర్ అటూ ఇటూ చూశాడు. "నువ్వు నన్ను నాలుగున్నర మీద పంపేవాడివి, తోంతోం," అన్నాడు. కోపం కూడా లేదు ఆ గొంతులో, ఉత్త భయం.

రంగయ్య బల్ల అంచు పట్టుకుని లేచాడు. లేచాక మాత్రం ఆగలేదు, చెప్పుల్లేకుండానే వానలోకి నడిచాడు. నడుస్తూనే చెప్పాడు.

"మూడు. మూడు పెట్టండి. ఆ రోజు ఖాళీ బండికి కొలిచాను, చక్రం తిన్నగా ఉంచి కొలిచాను. బరువెక్కితే బండి కిందికి కూర్చుంటుందని, తిప్పితే టైరు కమాను మీదికొస్తుందని తెలిసీ చూడలేదు. తొందరన్నాను. మూడైతే చక్రం బయటికొస్తుంది, స్టీరింగు బరువుగా ఉంటుంది, చేతులు నొప్పెడతాయి. బేరింగు కూడా తొందరగా అరుగుతుంది. అరగనీ, రేపు మారుద్దాం. బిగించాక మనం ముగ్గురం ఎక్కి కూర్చోవాలి, తిరుగుదారిలో మోనిక్‌ని తేవాల్సొస్తే ఆ బరువుకి ఓ బస్తా పంచదార వెయ్యాలి. కుడికి చివరిదాకా, ఎడమకి చివరిదాకా తిప్పాలి. టైరుకీ కమానుకీ మధ్య నా రెండు వేళ్ళు దూరాలి. దూరకపోతే వెళ్ళం."

షెడ్డులో నర్సమ్మనీ, తన బదులు ఒక పనివాణ్ణీ, పంచదార బస్తానీ బండెక్కించి రంగయ్యే కిందికి దూరాడు. బురదలో వెల్లకిలా పడుకుని, రోజర్ తిప్పుతుంటే, "ఆగు... ఇంకా... ఇంకా... ఆగు," అంటూ నాలుగు చక్రాల దగ్గరా వేళ్ళు పెట్టి చూశాడు. ఎడమ ముందు చక్రం దగ్గర రెండు వేళ్ళు కష్టంగా దూరాయి. నట్లు విప్పించి, చక్రం తీయించి, చక్రాన్ని వంకరగా కూర్చోబెట్టిన తుప్పంతా పళ్ళెం మీంచి గీకించి, మళ్ళీ బిగించాక ఇంకోసారి చూస్తే వేళ్ళు సులువుగా దూరాయి. బయటికొచ్చినప్పుడు గడ్డం నిండా గ్రీజు. ఒక్క కోత కూడా కోయలేదు.

పదకొండింటికి బయల్దేరారు. రోజర్ నడిపాడు, పక్కన నర్సమ్మ, వెనక రంగయ్య. చెరకు తోటల మధ్య దారి ఎర్రటి పాయసంలా ఉంది. బండి ఊగింది, జారింది, ఆగలేదు. స్టీరింగు నిజంగానే బరువుగా ఉంది. రోజర్ రెండు చేతుల్తో, భుజాల్తో తిప్పుతున్నాడు. వాగు గట్టు మీది మలుపు వచ్చింది. అతను కుడికి చివరిదాకా తిప్పాడు. రాపిడి చప్పుడు కోసం ముగ్గురూ ఊపిరి బిగబట్టి విన్నారు. నీళ్ళ హోరు తప్ప ఏమీ వినబడలేదు. చక్రం తిన్నగా వెనక్కొచ్చింది. నీళ్ళు తలుపు కింది అంచు తాకాయి, అంతకుమించి ఎక్కలేదు.

కాంపులో మొదటి ఇల్లు. గుమ్మంలో మోనిక్, వాళ్ళమ్మ భుజం పట్టుకుని నిలబడి ఉంది, ఇంకో చెయ్యి నడుం మీద. మొహమంతా చెమట. బండి ఆగకముందే నర్సమ్మ దిగిపోయింది.

"పొద్దుట్నించీ చూస్తున్నాను," అంది మోనిక్, ఏడుపూ కోపమూ కలిసి. "ఇంతసేపు ఎక్కడున్నారు? ఎందుకింత ఆలస్యం?"

రోజర్ ఏదో చెప్పబోయాడు. వెనక సీట్లోంచి దిగుతున్న రంగయ్య అతన్ని ఆపాడు.

"నా వల్లమ్మా," అన్నాడు.