రొంటిలోని మన్నుగడ్డ

"కరుపట్టి తీసినవాళ్ళ నాలుక మీద బొబ్బలు లేస్తే నన్నడగొద్దు!"

ఆ కేక వీధి చివరిదాకా వినబడింది. కేక వేసింది బొమ్మక్క. ఆడి నెల అమావాసకు చతురగిరి కొండకు నడిచిపోయేదానికని ఆమె పొద్దున్నే సద్దిమూట కట్టింది. అందులోని తాటిబెల్లం గడ్డ, మేము కరుపట్టి అంటామే, అది మాయమైంది. నేను ఆమె ఇంటి తిన్నె మీదే కూర్చొని ఉంటిని గనక, నాకు తీపి మీదుండే ఆశ ఊరికంతా తెలుసు గనక, చూపులన్నీ నా మీదికే తిరిగినాయి. నేను ఒట్టు పెట్టుకోబోతుంటే అడ్డం పడినవాడు ఆమె తమ్ముడు గోపాలసామి.

"పోనీలే అక్కా, ఆ గడ్డ పోతే పోయె. ప్రాణాలు కాపాడే గడ్డ నా దగ్గరుండాది" అని రొంటి తట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం తిన్నె మీద తేలాల్సిన సంగతి ఒకటుండింది. బొమ్మక్క కూతురు చిన్నతాయికి పెళ్ళయిన ఎన్నో ఏండ్లకు బిడ్డ పుట్టింది. పుట్టువెంట్రుకలు కొండమీది మహాలింగానికి ఇస్తానని మొక్కుకుంది. బండిదారిన చుట్టి పోతే అమావాసకు అందేది కష్టం. కొండ కింద వాగులో దిగి అడ్డంగా పోతే ఒక పూట కలిసొస్తుంది. కానీ పైన ఎక్కడో వాన కురిస్తే ఆ వాగు చెప్పకుండా వస్తుంది, వచ్చిందంటే మనుషుల్ని మిగల్చదు. చిన్నతాయి మొగుడు రామసుబ్బు ఎటూ తేల్చుకోలేక గోళ్ళు కొరుకుతున్నాడు. గోపాలసామికి మాత్రం గుంపుకు ముందు నడిచే పెద్దరికం కావాలి. వాగుదారే అన్నాడు, ఇప్పుడే లేవాలన్నాడు.

"వాన వస్తే ఏం చేసేది మామా?" అని చిన్నతాయి అడిగింది, బిడ్డను ఒళ్ళో సర్దుకుంటూ.

ఆ ఒక్క మాట చాలింది ఆయనకు.

"వానా? నన్నడక్కుండా వాన పడదమ్మీ. ఊళ్ళో వాళ్ళు మబ్బు చూస్తారు, గాలి చూస్తారు, తూనీగలు చూస్తారు. నేను మన చేనిలోని నల్లమన్ను గడ్డ ఒకటి రొంటిన దోపుకుంటా. గడ్డ గట్టిగా ఉందా, నడువు. మెత్తబడిందా, నిలువు. ఇంతే నా చదువు. ఇంకొకటి చీమలు. చీమలు ఎటు ఎక్కుతాయో అటే వెళ్ళాల, వాటికి తెలియని సంగతి లేదు. మీరెవరూ రాలేదే ఒక ఆడి అమావాసకు, అప్పుడు నాతో అరుప్పుకోట నేతగాళ్ళ గుంపు ఒకటి తోడుండె. తిరుత్తంగల్ దాటి, అట్లే పోయి, వాగులో దిగినాము. ఆకాశం కడిగిన కంచం మాదిరి ఉండాది. నా గడ్డ మాత్రం మెత్తబడె. నిలువండి అంటిని. నిలిచిరి. కంటి ముందరే నీళ్ళు వచ్చి పోయె. అంతే."

అంతవరకు బాగానే ఉండింది. మేమంతా తలలు ఊపినాము. ఆ ఊపడమే మేము చేసిన తప్పు.

"ఎంత నీళ్ళు?" అన్నాడు రామసుబ్బు.

"మోకాలంత. నా మోకాలు కాదు అల్లుడా, ఏనుగు మోకాలు. ఆపైన ఏమాయెనో తెలుసునా? నేతగాళ్ళు ఆ గట్టున, వాళ్ళ ఆడోళ్ళు ఈ గట్టున. నడుమ నేను దిగితిని. మన నల్లమన్ను సంగతి మీకు తెలియంది కాదు, తడిస్తే కాలికి చెప్పు మాదిరి అంటుకుంటుంది. నేను ఊరినుంచి కాళ్ళు కడుక్కోకుండానే పోయుంటిని. నీళ్ళు తగిలేసరికి ఆ మన్ను ఉబ్బె, ఉబ్బి ఉబ్బి ఒక్కొక్క కాలు బండిచక్రమంత ఆయె. వరద వచ్చి గుద్దుకొని, ఇదేదో కొండ అనుకొని, రెండుగా చీలి పక్కకు పోయె. ఇంక నా వీపు మీద ఆడోళ్ళు, మగోళ్ళు, మగ్గాలు..."

"కొండకు మగ్గాలెందుకు మోసుకొచ్చిరి?" అని ఆయనకు వరసకు బావనైన నేను అడిగినాను.

"మొక్కు. నువ్వు నడుమ తెంపితే వరద ఆగుతుందా బావా? విను. అప్పుడు లేచె ఆడిగాలి. ఆడిగాలికి సన్నికల్లు కూడా ఎగురుతుందంటారే, అది ఊరికే సామెత అనుకుంటిరా? ఎవరింటిదో సన్నికల్లు, పొత్రంతో సహా, నా తలమీదుగా పోతుండె. ఎగిరి ఎక్కి కూర్చుంటిని. గుంపు గట్టెక్కె గదా, ఇంక ఆ వరద తెచ్చిన మబ్బును ఊరికే వదలకూడదని వెంటపడితిని. మబ్బు ఎద్దుకన్నా మొండిది, తోక మెలిపెడితే గాని కదల్లేదు. తోలుకుంటా తోలుకుంటా విరుదుపట్టి దాకా తోలితిని, ఇప్పుడేదో విరుదునగరమని కొత్త పేరు పెట్టినారే, అక్కడికి. అక్కడ మిరపకాయల గిడ్డంగుల మీదుగా పోతుంటే ఆ ఘాటు మబ్బు ముక్కుకెక్కె. తుమ్మింది చూడు, ఉన్న వానంతా ఆ ఒక్క తుమ్ముకే పుదూరు చేలల్లో పడిపోయె. ఆ ఏడు పుదూరు పత్తి కారంగా పండిందని అక్కడోళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు."

సన్నికల్లు ఏమైందని చిన్నతాయి అడిగింది. తాను దిగిన చోటనే దానికి గుడి కట్టి పసుపు పూస్తున్నారని, తనకే సిగ్గుగా ఉండి అటు పోవడం లేదని చెప్పినాడు.

తరువాత రొంటిని పైనుంచే ఒకసారి నొక్కి చూసుకొని, పెద్దమనిషి గొంతుతో తీర్పు చెప్పినాడు. "గడ్డ రాయి మాదిరి ఉండాది. అమావాస దాటేదాకా చుక్క రాలదు. లేవండి."

రామసుబ్బు లేచి మూట భుజానికెత్తినాడు. చిన్నతాయి లేవలేదు. ఆమె బిడ్డనే చూస్తుండింది. బిడ్డ గోపాలసామి పంచెను చూస్తుండింది. కింద వీధిలోనుంచి ఒక చీమల బారు తిన్నె ఎక్కి, ఆయన మడమ ఎక్కి, మోకాలి మీదుగా నిదానంగా రొంటి తట్టుకు పోతుండింది.

"చీమలు ఎటు ఎక్కితే అటే వెళ్ళాలంటివే మామా," అన్నది చిన్నతాయి. "ఇవి ఎక్కడికి పోతుండాయి?"

గోపాలసామి కాలు దులుపుకున్నాడు. అప్పటికే బొమ్మక్క గడప దాటి వచ్చి, తమ్ముడి రొంటి ముడి లాగింది. మన్నుగడ్డ రాలేదు. పంచెకంతా నల్లగా పూసుకుంటూ కరుపట్టి వచ్చింది, ఒక మూల పంటి గాట్లతో. బిడ్డ చేయి జాపి ఒక వేలు ముంచుకొని నోట్లో పెట్టుకుంది.

మేము నవ్వినాము. అందరికన్నా నేనే ఎక్కువ నవ్వినాను, నాకు హక్కుంది. బొమ్మక్క నవ్వలేదు. కరుపట్టిని రెండు వేళ్ళ నడుమ నలిపి, పడమటి తట్టు చూసింది.

"అది నా ఒంటి వేడికి కరిగిందిలే అక్కా," అన్నాడు గోపాలసామి మెల్లగా.

"ఇంట్లో కుండలో ఉండే కరుపట్టికి ఎవరి ఒంటి వేడి తగిలింది? ఇప్పుడే చూసొచ్చినా, అదీ చెమర్చి కారుతుండాది. ఇంత ఎండలో గాలికి నీళ్ళు ఎక్కడివి? కొండ తట్టు పడుతుండాది వాన. బిడ్డను వాగులో దించేది లేదు. వెంట్రుకలు యాడికి పోతాయి, ఆరు నెలలకు తై అమావాస రాకపోతుందా?"

రామసుబ్బు మూట దించేలోపే పడమట ఉరిమింది. వాగు వచ్చిందో లేదో మేము పోయి చూడలేదు. మా వీధి మాత్రం బురదై, ఎదురింటి బండి చక్రం సగందాకా దిగిపోయింది. చిన్నతాయి బిడ్డ తలమీద కొంగు కప్పి, గోడవారకు జరిగి కూర్చుంది.

"నేను చెప్పలేదా," అన్నాడు గోపాలసామి, గొంతు మళ్ళీ లేచి. "గడ్డ మెత్తబడితే నిలువమని?"

కట్టిన సద్ది విప్పి, చింతపండు బువ్వకు తిన్నె మీదే ఆకులు పరిచింది బొమ్మక్క. అందరం కూర్చున్నాము. తమ్ముడి ఆకు మాత్రం చూరు కింద, చుక్కలు సరిగ్గా పడే చోట వేసింది.

"నిన్నడక్కుండా పడదంటివే. ఆగమని చెప్పుకొని తిను."

గోపాలసామి వానను ఒకసారి చూసి, మమ్మల్ని ఒకసారి చూసి, ఆకు లోపలికి జరుపుకున్నాడు. నేను కొంచెం జరిగి చోటిచ్చినాను.