దవడ వదులు చెయ్యి బావా

సెలూన్ తలుపు సగమే తెరిచి ఉంది. కుర్చీలో వెల్డింగ్ పని చేసే బావ, వెనక కత్తి పట్టుకుని అతని బావమరిది.

“వదులు చెయ్యి బావా.”

“వదులుగానే ఉంచాను.”

“ఏం వదులు? చెవి కింద గోలీకాయంత ముద్ద లేచింది. దాని మీద కత్తి పెడితే తెగుతుంది.”

“తెగనీ. నీ చేతిలో పోతే మీ ఇంట్లో అందరికీ సంతోషమే.”

“పొద్దున్నే మొదలుపెట్టావా. పళ్ళు విడదియ్యి. పైవీ కిందవీ తగలకూడదు. పెదాలు మూసుకున్నా ఫరవాలేదు.”

“పెదాలు మూసుకుని పళ్ళు తెరవాలా? సర్కస్ చేయిస్తున్నావా?”

“నాలిక కొస పైపళ్ళ వెనక, చిగురు మీద ఆనించు. అదీ. ఇప్పుడు బిగించు చూద్దాం.”

“బిగింపు అంత తొందరగా రావట్లేదు.”

“రాదు.”

“ఎక్కడ నేర్చావురా ఇవన్నీ?”

“రోజంతా దవడలే కదా నా బతుకు. ఎవరింట్లో గొడవైందో, ఎవరు అన్నం మానేశారో చెయ్యి వెయ్యగానే తెలుస్తుంది.”

“అయితే నాది చెప్పు.”

“నీది ఊరందరికీ తెలిసిందే. మొహం ఎత్తు.”

“ఎత్తడానికి ఈ కుర్చీ ఏంటి, ఇంత కిందికి దింపావు? మోకాళ్ళు గడ్డానికి తగులుతున్నాయి.”

“ఇందాక ఎవరో… పొట్టి మనిషి, కాళ్ళు అందట్లేదంటే దింపాను. ఉండు, లేపుతాను.”

“షాపు తెరవకముందే బేరమా? వేడినీళ్ళు కూడా కాచి పెట్టావు.”

“మాట్లాడకు, తువ్వాలు వేస్తున్నాను. కాలితే చెప్పు.”

“కాలట్లేదు.”

“వెల్డింగ్ చేసేవాడివి, నీకేం కాలుతుంది. నోరు తెరిచి మూయి. అదిగో, చెవి ముందు, అక్కడ కీలు. నా వేళ్ళ కింద దాన్ని వదిలేసెయ్. ఎన్నాళ్ళైంది ఇలా?”

“నొప్పి ఈమధ్యే. అన్నం నమలలేకపోతున్నాను.”

“నొప్పి కాదు, బిగించడం.”

“ఏమో.”

“పాప పోయినప్పటి నుంచి. చెప్పడానికేం?”

“తెలిసి అడగడం దేనికి?”

“అక్క అనేది. తిట్టమన్నా తిట్టడు, ఏడవమన్నా ఏడవడు, పళ్ళు బిగబట్టుకుని గోడకేసి చూస్తాడు, నా తప్పే అనుకుంటున్నాడేమో అని.”

“మీ అక్క తప్పని నేనన్నానా?”

“కాదనీ అనలేదుగా.”

“నోరు తెరిస్తే ఏమొస్తుందో నాకే తెలీదురా. మాట వస్తుందో, అరుపు వస్తుందో. అందుకే బిగించాను. తనేమో నీ మొహం చూళ్ళేకపోతున్నాను అంది. పాపది నా గడ్డమే కదా. అచ్చం ఇదే సొట్ట.”

“తెలుసు. కదలకు, ఆ సొట్ట దగ్గరే ఉన్నాను.”

“ఊఁ.”

“రోజూ రెండుపూటలా వేడిగుడ్డ వేసుకో. నీ వెల్డింగ్ మాస్కు మీద సుద్దతో ఒక చుక్క పెట్టుకో. మాస్కు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా, పళ్ళు కలిశాయా అని చూసుకో. కలిస్తే విడదియ్యి.”

“ఆ సంగతి రేపు చూద్దాం. ఇవాళ్టికి పనికొచ్చేలా చెయ్యి.”

“కోర్టుకా?”

“ఇష్టపడే విడిపోతున్నారా అని జడ్జిగారు అడుగుతారంట. నిన్న అద్దం ముందు నిలబడి ఆ మాట అని చూశాను. దవడ పట్టేసింది. మాట బయటికి రాలేదు.”

“తలూపితే చాలదా?”

“ఇద్దరూ నోటితో చెప్పాలంట. లాయరు మరీ మరీ చెప్పాడు.”

“సంతకం పెట్టేశావుగా.”

“చెయ్యి వేరు. అది ఎవరు చెప్పినా వింటుంది.”

“రాకపోతే రానీ బావా. వాయిదా వేస్తారు, అంతేగా.”

“వద్దు. పాప పోయాక తనకి నేనేం ఇచ్చాను? గట్టిగా ఒక ఏడుపు కూడా ఇవ్వలేదు. ఈ ఒక్క మాటైనా అడగ్గానే ఇవ్వాలి.”

“అక్క అడిగిందా? తన నోటితో?”

“లాయరు చేత అడిగించింది.”

“ఓహో.”

“ఓహో ఏంటి? నొక్కు. అక్కడే. ఇంకాస్త.”

“పోనీ, ఒక్కసారి అక్కతో…”

“నొక్కరా బాబూ. నాలుగు అక్షింతలు వేయించుకోడానికి కాదు నిన్ను నమ్ముకుని వచ్చింది.”

“సరే. ఆవలించు. పెద్దగా. ఇంకా. ఇప్పుడు అను.”

“ఇష్ట… ఇష్టపడే.”

“మొత్తం అను.”

“ఇష్టపడే విడిపోతున్నానండి.”

“వచ్చింది.”

“వచ్చింది. నీ చేతిలో ఏదో మందుందిరా. అదేంటి, కత్తి పక్కన పెట్టేశావు? ఇంకో చెంప మిగిలే ఉంది.”

“ఇక నా వల్ల కాదు బావా.”

“నీకేమైంది? అద్దంలో చూసుకో, నీ దవడ నాకంటే బిగుసుకుంది. నాలిక పైపళ్ళ వెనక…”

“ఇందాక ఆ కుర్చీలో కూచున్నది అక్కే బావా. దవడ పట్టేసిందిరా, జడ్జిగారి ముందు ఆ మాట నోట్లోంచి రాదేమోనని భయంగా ఉంది, మీ బావ అడిగిన ఆ ఒక్కటైనా ఇవ్వాలి కదా అంది. వేడిగుడ్డ వేసి, నొక్కి, మాట తిన్నగా వచ్చేదాకా నేనే అనిపించి పంపాను.”