గొడ్డలే కావాలి

కమ్మరి దుకాణం, మధ్యాహ్నం. బల్లకి అవతల ముసలి కమ్మరి, ఇవతల ఒకావిడ.

"గొడ్డలి వద్దమ్మా అంటున్నానా, మళ్ళీ దానివైపే చూస్తారేంటి?"

"చూస్తే అరిగిపోతుందా?"

"అరగదు, చూడండి. కానీ అడవిలోకి ఒక్కటంటే ఒక్కటే పనిముట్టు అన్నారు కదా. ఒక్కటే అయితే ఈ కత్తి. మోచేతి పొడవు, వెన్ను మందం, బరువంతా ముందుకి. కొమ్మ కొడుతుంది, తుప్ప నరుకుతుంది, తాడు కోస్తుంది, కాయ చెక్కుతుంది. గొడ్డలి ఏం చేస్తుంది? కట్టె కొడుతుంది. అంతే."

"కట్టె ఉంటే నిప్పు ఉంటుంది. నిప్పుంటే రాత్రి గడుస్తుంది. కాయ చెక్కుకోకపోతే చావరు ఎవరూ."

"అబ్బో. ఇంతకీ ఎవరికి?"

"మా తమ్ముడికి."

"ఇందాక మరిదికి అన్నారు."

"మరిదికే. నాకు తమ్ముడిలాంటివాడేలెండి."

"ఎన్ని రోజులకి వెళ్తున్నాడు?"

"ఎన్ని రోజులైతే అన్ని రోజులు."

"ఏ అడవి?"

"అడవి అడవేగా. మీకెందుకు?"

"నాకెందుకంటే, వాగుల పక్క తడి అడవికి ఒక పదును, రాళ్ళగుట్ట వైపు ముళ్ళ అడవికి ఒక పదును. అడక్కుండా నేను గుండుసూది కూడా అమ్మను. పోనీ, మీ మరిదిది కుడిచేతి వాటమా, ఎడమా?"

"ఎడమ."

"ఎత్తు?"

"నా అంత."

"చెయ్యి ఏపాటి ఉంటుంది?"

"ఇదిగో, నా చెయ్యంతే."

"బలం?"

"నాకున్నంత ఉంటుంది."

"మీ చెప్పులు కూడా వేసుకుంటాడా మరిది? ఆ అరచేతిలో బొబ్బలేంటి?"

"పెరట్లో కట్టెలు కొట్టాను. రెండు రోజుల్నించి కొడుతున్నాను, చెయ్యి అలవాటు కావాలని. చేతి తొడుగు లేకుండా కొడితే బొబ్బలు రావా?"

"తొడుగు ఏమైంది?"

"పోయింది. కుడిదుంది, నాకు కావలసిన ఎడమదే పోయింది. తొడుగుల సంగతి కూడా మీకు కావాలా? సరే, నాకే. అడవిలోకి వెళ్ళేది నేనే. ఇప్పుడైనా ఇస్తారా?"

"ఆడమనిషి, ఒక్కతే, అలవాటు లేని అడవి. ఎందుకమ్మా?"

"మా ఆయన వెళ్ళి రాలేదు."

"ఊఁ."

"గింజలు ఏరతాడు. పెద్ద చెట్ల గింజలు ఏరుకొచ్చి మొక్కలు పెంచేవాళ్ళకి ఇస్తాడు. పది రోజుల్లో వచ్చేస్తానన్నాడు. ఇవాళ పన్నెండు. ఎప్పుడూ ఒక్క రోజు ఆలస్యం చేసిన మనిషి కాదు."

"అయ్యో. అలాంటాయన ఎవరూ నా దగ్గరికి రాలేదమ్మా."

"వచ్చాడా అని నేను అడగలేదే."

"అడుగుతారేమోనని."

"ఎందుకు అడుగుతాను? ఊళ్ళో పనిముట్లు అమ్మేవాళ్ళు ఇంతమంది ఉన్నారు."

"అదే నేనూ అంటున్నా. ఇంతమంది ఉండగా నా దగ్గరికే ఎందుకు వచ్చారు?"

"ఇదిగో, ఇందుకు. మా ఇంట్లో మంచం కింద దొరికింది. నూనెగుడ్డ. ఆ మూలన మీ దుకాణం ముద్ర ఉంది, చూడండి."

"గుడ్డలు నానా చోట్లకి పోతుంటాయి."

"మీరు అమ్మిన కత్తి విరిగి ఉంటుంది. అందుకే ఆయన మీ దగ్గరికి రాలేదంటున్నారు. ఏం కత్తి అంటగట్టారో ఏమో, అడవి మధ్యలో పిడి ఊడి చేతికొచ్చి ఉంటుంది."

"నా కత్తి విరగదు. పిడి చివరిదాకా ఇనుము దించి మూడు మేకులు కొట్టాను. రాయి మీద కొట్టి చూపించాను కూడా. నేను చేసిన కత్తి విరగడమేంటి?"

"అంటే అమ్మారు. మూడు మేకులు కొట్టారు, కొట్టి చూపించారు. ఆయనకే కదా?"

"మాటల్లో పెట్టి లాగేశారు."

"ఎటు వెళ్తున్నానన్నాడు?"

"చెప్పలేదు."

"అడక్కుండా గుండుసూది కూడా అమ్మనన్నారు, ఇందాకే. ఆయన్ని అడగలేదా, తడి అడవా ముళ్ళ అడవా అని?"

"అడిగాను."

"ఏమన్నాడు?"

"ముసలాణ్ణి. గుర్తు లేదు."

"మేకులు మూడని గుర్తుంది."

"చూడమ్మా, నాకు తగువులు వద్దు. అడవి ఆఫీసులో చెప్పుకోండి."

"చెప్పుకున్నాను. నిన్నంతా వెతికారు, మంచివాళ్ళే. అంత అడవిలో ఎక్కడని వెతుకుతాం, ఏ వైపు వెళ్ళాడో చెబితే మళ్ళీ వెళ్తాం అన్నారు. నాకు తెలిస్తేగా చెప్పడానికి. అన్నీ చెప్పే మనిషి, ఈసారి అదొక్కటీ చెప్పలేదు. అడిగితే నవ్వి ఊరుకున్నాడు. రెండు రోజులై నాకు ముద్ద దిగట్లేదు, పెద్దాయనా. అటు ఆయన ఏ గోతిలో ఉన్నాడో, ఇటు మీరేమో గుర్తు లేదంటున్నారు."

"కాంట్రాక్టరు పంపాడా మిమ్మల్ని?"

"ఏ కాంట్రాక్టరు?"

"చెట్లు కొట్టించే కాంట్రాక్టరు."

"వాడితో నాకేం పని? నిరుడు మా ఆయనతో వాదులాటకి దిగాడని మాత్రం తెలుసు. ఎందుకు?"

"మీరు ఆయన భార్యేనని నాకేంటి నమ్మకం?"

"ఇదేం అడగడం? భార్యని కాకపోతే బొబ్బలు కట్టించుకుని ఇక్కడెందుకు నిలబడతాను?"

"మొన్న ఒకావిడ వచ్చింది. మీరు నిలబడ్డ చోటే నిలబడింది. ఆవిడా ఆయన భార్యనే అంది."

"ఏంటీ?"

"ఏడ్చింది కూడా పాపం. మీరు ఏడవట్లేదు."

"ఎవరావిడ?"

"నన్నడిగితే?"

"ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందంటే?"

"బాగుందంటే బాగుందనే. చక్కగా మాట్లాడింది. నేను చెప్పింది చెప్పినట్టు వింది."

"వయసు?"

"మీకంటే తక్కువే ఉంటుంది. ఏమనుకోకండి."

"నేనేమీ అనుకోవట్లేదు. ఏమడిగింది?"

"మా ఆయన ఎటు వెళ్ళాడో చెప్పండి, నేనూ వెళ్తాను అంది. ఒక్కటే పనిముట్టు ఇవ్వండి, ఏది మంచిదో మీరే చెప్పండి అంది. ఈ కత్తి మంచిదన్నాను. మంచిదే అని తీసుకుంది. దారి చెప్పాను."

"దారి చెప్పారా."

"చెప్పాను."

"ఆవిడ అడిగితే గుర్తుంది, నేనడిగితే గుర్తు లేదు. ఇప్పుడర్థమైంది. మా ఆయన తప్పిపోలేదు. ఎవరికీ చెప్పకుండా, నవ్వి ఊరుకుని, ఆవిడ వెనక నించి వచ్చేలా వెళ్ళాడు. నేనేమో పెరట్లో పిచ్చిదానిలా కట్టెలు కొట్టుకుంటూ. ఎంత ఏడుపొస్తోందో తెలుసా మీకు? మీ ముందు ఏడవను. అది మాత్రం జరగదు."

"మరి ఇంటికి వెళ్ళిపోతారా?"

"ఎందుకు వెళ్ళిపోతాను?"

"ఆయన తప్పిపోలేదు, ఆవిడతో ఉన్నాడు అంటున్నారుగా."

"ఉంటే ఉన్నాడని నా కళ్ళతో చూస్తాను. ఒకవేళ లేకపోతే? ఏ కాలో విరిగి ఎక్కడో పడి ఉంటే? నాకు కోపం వచ్చిందని ఆయన కాలు అతుక్కోదు కదా. గొడ్డలివ్వండి, వెళ్తాను."

"మళ్ళీ గొడ్డలేనా."

"గొడ్డలే."

"ఆఖరిసారి చెబుతున్నాను, వినండి. గొడ్డలి బరువు. పది దెబ్బలకి భుజం లాగుతుంది. తప్పి జారిందా, తగిలేది మీ మోకాలికే. తుప్పల్లో దారి చేసుకోవాలంటే గొడ్డలితో అవదు. ఈ కత్తి తీసుకోండి."

"వద్దు."

"తీసుకోండి. తీసుకుంటే దారి చెబుతాను."

"ఏమన్నారు?"

"కత్తి మీ చేతిలో పెట్టుకున్న మరుక్షణం, ఆయన ఎటు వెళ్ళాడో చెబుతాను. ఆవిడకి చెప్పినట్టే."

"కత్తి తీసుకుంటేనే చెబుతారా?"

"తీసుకుంటేనే."

"ఒక మనిషి ప్రాణం మీద ఏంటండీ ఈ బేరం?"

"నా దుకాణం, నా బేరం. ఇదిగో, పట్టుకోండి."

"ఇటివ్వండి, చూస్తాను."

"ఊఁ. ఎలా ఉంది?"

"బాగుంది. మంచి కత్తే. దీనికి ఒకవైపే పదును పెట్టారు. కుడిచేతి వాళ్ళకి."

"ఎడమవైపు కూడా సాన పట్టిస్తాను. రెండు రోజులు."

"రెండు రోజులు నా దగ్గర లేవు. ఇలాగే తీసుకెళ్తే నా చేతిలో ప్రతి దెబ్బా పక్కకి జారుతుంది. గొడ్డలికి రెండు చెంపలూ ఒకటే. ఏ చేతైనా దానికొకటే. ఇంట్లో పదేళ్ళుగా ఇదే గొడవ, ఆయన కత్తంటాడు, నేను గొడ్డలంటాను. ఇంట్లో అయినవి చాలు, మీతో కూడానా?"

"అయితే దారి వద్దా?"

"కత్తి కొన్నవాళ్ళందరికీ చెప్పే దారి నాకెందుకు? అది నిజమని నమ్మకమేంటి? దారి తప్పయితే వెనక్కి తిరిగి ఇంకో దారి పడతాను. చేతిలోది తప్పయితే తిరిగి రాను. ఇదిగో మీ కత్తి, బల్ల మీద పెడుతున్నా. గోడకున్న ఆ గొడ్డలి నేనే దింపుకుంటున్నా."

"ఉండండి. తలుపు వేసి వస్తాను."

"తలుపెందుకు?"

"వేస్తాను."

"పెద్దాయనా, గడియ పెడుతున్నారేంటి? తీయండి. నా చేతిలో ఏముందో చూస్తున్నారా?"

"చూశాను. గొడ్డలి. అదీ ఎడంచేత్తో పట్టుకున్నారు. చూశాకే గడియ పెట్టాను."

"దగ్గరికి రాకండి."

"రాను తల్లీ. మీరు అక్కడే ఉండండి. నేను ఈ పెట్టె తెరుస్తాను, అంతే. నా మోకాళ్ళకి వంగడమే కష్టం, మీ మీదికేం దూకుతాను. ఇదిగో. దీన్ని ఎప్పుడైనా చూశారా?"

"ఇది... నాదే. నా తొడుగు. ఎడమది. బొటనవేలి దగ్గర నేనే కుట్టాను, నల్లదారం లేక తెల్లదారంతో. నెల్లాళ్ళుగా వెతుకుతున్నాను దీనికోసం. ఎక్కడ పడేశావని ఆయన్ని ఎన్ని మాటలన్నానో. మీ దగ్గరికెలా వచ్చింది?"

"కొలతకి తెచ్చాడు. ఈ మూట కూడా విప్పండి."

"గొడ్డలి. చిన్నది."

"కామ పట్టుకుని చూడండి, ఆ కర్రపిడి."

"సరిపోయింది. నా చేతికి సరిగ్గా సరిపోయింది."

"సరిపోకేం. లావుగా ఉంది, ఇంకా చెక్కు అని మూడుసార్లు వెనక్కి ఇచ్చాడు మహానుభావుడు. తొడుగులో గుడ్డలు కుక్కి, దాని చేత పట్టించి చూశాం ఇద్దరం."

"నాకెందుకు చేయించాడు? నేను ఎప్పుడూ అడవికి వెళ్ళలేదే."

"పది రోజుల్లో తను రాకపోతే, పదకొండో రోజుకి మీరే వెతుక్కుంటూ బయల్దేరతారని చెప్పాడు. మీరు పన్నెండో రోజుకి వచ్చారు."

"ఆఫీసువాళ్ళు వెతుకుతున్నారని ఆగాను. మరి ఆవిడ?"

"కాంట్రాక్టరు మనిషి. లోపల ఎక్కడో ఎవరూ చూడని పాత చెట్లు కనబడ్డాయి మీవాడికి. మీవాడికి వాటి గింజలు కావాలి, కాంట్రాక్టరుకి వాటి మానులు కావాలి. దారి కోసం ఎవరెవరో వస్తారు, చెప్పకు అన్నాడు. మిమ్మల్ని పట్టుకుని పీడిస్తారని మీకూ చెప్పలేదు. ఆవిడకి కత్తి ఇచ్చి రాళ్ళగుట్ట వైపు పంపించాను. ముళ్ళు ఏరుకుంటూ ఉండి ఉంటుంది ఇంకా."

"మీకు మాత్రం చెప్పాడు."

"నేను ఆ చెట్ల దాకా వెళ్ళలేనుగా. మెట్లెక్కడమే గగనం. నిన్న మీ ఇంటికే వచ్చి చెబుదామనుకున్నాను, ఇల్లు తెలీదు, ఎవరినైనా అడిగితే అనుమానం."

"చెప్పండి ఇప్పుడైనా. ఎటు?"

"కామ అడుగున తిప్పి చూడండి. గీతలు ఎన్ని?"

"మూడు."

"మూడో వాగు. దాన్ని పట్టుకుని పైకి వెళ్ళాలి, పడిపోయిన పెద్దమాను కనబడేదాకా. ఆ పక్కన రాతి కింద పడుకుంటాడు. కత్తి విరగదు కాబట్టి కాలో చెయ్యో విరిగి ఉంటుందని నా అనుమానం. ఒక్కరే వెళ్ళకండి. తిన్నగా ఆఫీసువాళ్ళ దగ్గరికి వెళ్ళి చెప్పండి, చెట్ల రహస్యం పోతే పోయింది."

"ఇంతసేపు ఏడిపించారు. అడుగుపెట్టగానే ఆ తొడుగు నా ముందు పడేస్తే సరిపోయేది కదా. మీ వల్ల ఆయన్ని ఎంత తప్పుగా అనుకున్నాను."

"తొడుగు ఎవరి చేతికైనా పడుతుంది. నాదీ నాదీ అని ఎవరైనా అంటారు. మీవాడు వేరే గుర్తు చెప్పాడు."

"నుదుటి మీద మచ్చా?"

"కాదు."

"మరేంటి?"

"'నువ్వు ఎంత మంచి కత్తి చూపించినా, దారి చెబుతానని ఆశపెట్టినా, నీతో పోట్లాడి మరీ గొడ్డలే కావాలంటుంది బాబాయ్, నీ మాట విని కత్తి తీసుకుందంటే మాత్రం అది మా ఆవిడ కాదు' అన్నాడు, కోడలా."