త్రీనాట్‌త్రీ గొట్టంలో గాల్వే

ఆడమ్స్‌టౌన్ కమ్యూనిటీ హాల్లో ఆదివారం మధ్యాహ్నాలు తెలుగువాళ్ళు టీకి కూడినప్పుడు, కొండల్ రావు రెండో కప్పు అయ్యేదాకా ఆగి గొంతు సవరించుకునేవాడు. అది వినగానే కుర్చీలన్నీ కీచుమంటూ ఆయన వైపు జరిగేవి. దేవకుమారికి మాత్రం కుర్చీ జరపాల్సిన పని ఉండేది కాదు. పెళ్ళై నలభై మూడేళ్ళు, ఆయన కథ చెప్పేచోట ఆవిడ చోటు ఆయన పక్కనే.

ఆ రోజు వాన, పడుతోందో ఆగిందో తెలియనట్టుగా పడుతోంది. అద్దాల అవతల ఇళ్ళూ, రైలు కట్టా, ఆకాశమూ ఒకదాంట్లో ఒకటి కరిగిపోయి ఉన్నాయి. హాల్లో హీటర్ వెచ్చదనం, అల్లం వాసన. నిద్రపట్టీ పట్టనట్టుండే ఇలాంటి మధ్యాహ్నాల్లోనే ఆయన కథలు బాగా సాగుతాయని దేవకుమారికి తెలుసు.

కానీ ఈ ఆదివారం ఆవిడ చూపు ఆయన మీద నిలవడం లేదు. ఎదురు వరసలో కూతురు సుధేష్ణ పక్కన అబిగేయిల్ కూర్చుని ఉంది.

అబిగేయిల్ ఇల్లు దేవకుమారి వాళ్ళింటికి రెండిళ్ళ అవతల. బోమాంట్ ఆస్పత్రిలో నర్సుగా చేసి రిటైరై, ఇప్పుడు దగ్గర్లోని పల్లెలో ఒక్క గది మ్యూజియం చూసుకుంటోంది. అక్కడ ఒక పెట్టెలో మొదటి ప్రపంచ యుద్ధం నాటి రైఫిళ్ళు ఐదు, చెమ్మకి తుప్పు పట్టి పడున్నాయి. కొండల్ రావు ఇండియా సైన్యంలో ఇరవై రెండేళ్ళు తుపాకులు బాగుచేసిన మనిషని విని, ముందు ఒక్కటి ఇచ్చి చూసింది. ఆరు వారాలకి అది నల్లగా నిగనిగలాడుతూ తిరిగి వెళ్ళింది. మిగతా నాలుగూ ఆయనకే అప్పజెప్పాలా అన్నది తేల్చుకోడానికి ఇవాళ వచ్చింది. కిందటి చలికాలమంతా కిటికీ దగ్గర కూర్చుని, సూర్యుడు వచ్చాడా అని రోజుకి మూడుసార్లు అడిగిన మనిషి, ఆ తుపాకీ ఇంట్లోకి వచ్చాకే మళ్ళీ ఈల వేయడం మొదలుపెట్టాడు. ఆ నాలుగూ రాకపోతే ఏమవుతాడో దేవకుమారికి ఊహించాలని కూడా లేదు.

"నేను చేసింది చిన్న పనే," అని మొదలుపెట్టాడు కొండల్ రావు. "పెట్టె తెరిచి చూసిన. త్రీనాట్‌త్రీ. ఎర్రగ, చెరువుల నానబెట్టి తీసినట్టున్నది. గసుంటి దాన్ని చూస్తే మంది ఏం చేస్తరు, గరుకు కాగితం పట్టి బరబర రుద్దుతరు. రుద్దితే తుప్పుతోని పాటు ఇనుము మీది నల్ల పూత కూడ పోతది, ఆ పూతనే కద దాని చర్మం. నేను పల్చటి నూనె రాసి ఒక దినమంత నానబెట్టిన. నానినంక ఈ దేశపు పాత పెన్నీ ఒకటి తీసుకున్న, దాని మీద కోడి, పిల్లలు ఉంటయి చూడు, అది. రాగి కలిసిన బిళ్ళ గద, తుప్పును గీకుతది గని ఇనుముకు గీత పడనియ్యది. మెల్లగ, పసిపిల్లకు చెవులు తుడిచినట్టు గీకిన. ఎంత తుప్పు వచ్చింది అనుకుంటున్నరు?"

"ఒక చెంచాడు వచ్చిందేమో అంకుల్," అన్నాడు మహీధర్. దేశానికి ఆ కొసన, పడమటి ఒడ్డునున్న గాల్వేలో చదువు ముగించి కొత్తగా ఇక్కడ ఉద్యోగంలో చేరిన కుర్రాడు.

"బకెట్. ఆరు కిలోలు."

ఆ మూల నుంచి గోపాలరావు కళ్ళజోడు సర్దుకున్నాడు. ఆయన గుంటూరులో లెక్కల మాస్టారుగా చేశాడు. "తుపాకీ బరువే నాలుగు కిలోలుంటుందేమో కదండీ."

"అదే కద నేను చెప్పేది. నాలుగు కిలోల తుపాకిని ఆరు కిలోల తుప్పు పట్టి కూసున్నది. ఎంత కష్టపడి ఉంటదో ఆలోచన చెయ్యండి."

గోపాలరావు నిజంగానే ఆలోచనలో పడ్డాడు. సుధేష్ణ నవ్వు ఆపుకుంటూ అబిగేయిల్ చెవిలో ఇంగ్లీషులో చెబుతోంది.

"ఆ బకెట్ తీసుకపోయి పెరట్ల పెట్టిన. గాలి వచ్చింది, ఈ ఊరి గాలి మీకెరికే గద, అడగకుంట వస్తది. బకెట్‌ల తుప్పంత లేచి పొగమంచు లెక్క అయింది, ఎర్రటి మంచు. పక్కూరు లూకన్ దాక పోయింది. తీగల మీద ఆరేసిన తెల్ల చొక్కాలన్ని గులాబి రంగుకు తిరిగినయ్. ఇద్దరు గార్డ్స్, ఈడి పోలీసులు, వచ్చి తలుపు కొట్టిండ్రు. అంత గ్రాండేనా, అంటె అంత మంచిగనేనా అని అడిగిండ్రు. గ్రాండే అని చెప్పిన. వాళ్ళ టోపీలు కూడ గులాబి రంగులనే ఉన్నయ్, నేనేం అనలే."

దేవకుమారి కప్పులోకి చూస్తూ కూర్చుంది. ఎర్రటి మంచు ఆవిడకి కళ్ళముందు కనిపిస్తోంది. తప్పు ఆయనది కాదు, ఆయన చెబితే అన్నీ అలాగే కనిపిస్తాయి.

నిజంగా జరిగింది వేరు. రెండేళ్ళుగా కొండల్ రావుకి చేతులు వణుకుతున్నాయి. రెండో రోజే పెన్నీ వేళ్ళ నుంచి జారి, తుపాకీ కట్టె మీద సన్నటి గీత పడింది. ఆయన తుపాకీని దుప్పటి మీద పెట్టేసి, వెళ్ళి కిటికీ దగ్గర కూర్చున్నాడు. దేవకుమారి కాసేపు ఆయన వీపు చూసింది. తర్వాత నూలు గ్లవుజులు తొడుక్కుని, కిందపడ్డ పెన్నీ ఏరుకుంది. ఉత్త చేత్తో ముట్టుకుంటే చెమటలోని ఉప్పుకి మళ్ళీ తుప్పు పడుతుందని ఎప్పుడో ఆయన చెప్పగా విన్నదే. గీకుతున్న చప్పుడు విని ఆయన లేచి వచ్చి పక్కన కూర్చున్నాడు. "ఇంకొంచెం కిందికి," అన్నాడు. "ఒత్తకు. నూనె అద్దు." ఆరు వారాలు అలా ఆయన చెప్పడం, ఆవిడ చెయ్యడం. పెళ్ళైనప్పటినుంచీ ఆయన ఉద్యోగం ఆవిడకి మనియార్డరు మీది అడ్రసు మాత్రమే. ఇప్పుడు ఆ పని చేతికి తెలిసింది. ఏ మరలో ఏ బిగువు ఉందో, ఇనుము ఎక్కడ నునుపో, ఎక్కడ పుండో.

"అవిసె నూనె రాసిన కట్టెకు," అంటున్నాడు కొండల్ రావు. గొంతు తగ్గింది. అది తగ్గినప్పుడే కథ పెద్దదవుతుంది. "వాల్‌నట్ కట్టె. వందేండ్ల సంది దప్పికతోని ఉన్నది. తాగింది, తాగింది, తాగి తాగి దానికి తను చెట్టుగ ఉన్న దినాలు యాదికొచ్చినయ్. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? ఒక పొద్దున చూస్తే మడమ కాడ, భుజానికి ఆనిచ్చే కొసకు, చిగురు. లేత చిగురు, రెండాకులు."

"ఏం చేశారంకుల్?"

"ఏం చేస్త? నీళ్ళు పోసిన. తెంపబుద్ధి కాలే."

హాల్లో ఎవరూ నవ్వలేదు. కిటికీ మీద వాన ఒక గీత గీసుకుంటూ దిగింది.

"ఆఖరుకు గొట్టం. పుల్‌త్రూ అంటం మేము, తాడుకు చిందీ గుడ్డ కట్టి ఇటుకెళ్ళి అటు గుంజుడు. మూడు వందల సార్లు గుంజిన. లోపట అద్దం లెక్క అయింది. కన్ను పెట్టి చూసిన. ఆడమ్స్‌టౌన్ల నిలబడి చూసిన గద, గాల్వే కనిపించింది."

"గాల్వేలో ఏం కనిపించింది?" మహీధర్ ముందుకు వంగాడు.

"నువ్వు కిరాయికున్న గది కనిపించింది. కిరాయి శానా ఎక్కువే, చిన్న గది పాపం." కొండల్ రావు అక్కడ ఆగలేదు. "దాని వెనక సముద్రం. సముద్రం మీద వెలుతురు ఉన్నది, ఇక్కడ మనకు రాని వెలుతురు. ఇంకొంచెం చూసిన. నీళ్ళ అవతల ఒక గట్టు, గట్టు మీద ఒక పోరడు, బూట్లు విప్పి కాళ్ళు ఆరబెట్టుకుంట కూసున్నడు. ఖాకీ బట్టలు. ఆ తుపాకి పట్టిన పోరడే. వందేండ్లాయె, ఇంక ఇంటికి పోలే. నన్ను చూసిండు."

అబిగేయిల్ చెవి దగ్గర సుధేష్ణ గొంతు ఒక్క క్షణం ఆగి మళ్ళీ సాగింది. అబిగేయిల్ చేతులు ఒళ్ళో కలిసి ఉన్నాయి.

దేవకుమారికి కూడా ఆ కుర్రాడు కనిపించాడు. పాదాల మధ్య గడ్డి, తడి మేజోళ్ళు. గొట్టంలోకి గుడ్డ తోసినన్నాళ్ళూ ఆవిడకి ఈ ఊహ రాలేదు. వచ్చుంటే బాగుండేదనిపించింది.

"అడిగిండు నన్ను. నా తుపాకిని ఇంత మంచిగ చేసిందెవరు అని అడిగిండు. నేను చెప్పిన. నేనే, కొండల్ రావును, పెద్దపల్లి దిక్కు మాది. నేనొక్కణ్ణే చేసిన, ఇంకెవ్వరి చెయ్యి పడలే అని చెప్పిన."

దేవకుమారి కప్పు సాసర్ మీద పెట్టేసింది. బకెట్టూ, గులాబి టోపీలూ, చిగురూ ఆయనవే, తీసుకోనీ. ఈ ఒక్కటి మాత్రం ఇవ్వబుద్ధి కాలేదు. ఊరుకుందామనే అనుకుంది. ఎదురుగా అబిగేయిల్ తల ఊపుతోంది, ఇంకో క్షణంలో ఆ నాలుగూ మీవేనని చెప్పేట్టుంది. వాటిని ఈయన ఒక్కడే పట్టుకుని కూర్చుంటే, మళ్ళీ పెన్నీ జారితే, మళ్ళీ ఆ కిటికీ.

"ఏమండీ," అంది. "అంత దూరంనుంచి అడిగిన పిల్లవాడికి అబద్ధమెందుకు చెప్పిన్రు?"

కొండల్ రావు తిరిగి చూశాడు.

"ఆ గొట్టంల ఏం కనపడది," అంది అందరికీ వినిపించేట్టు, కానీ మెల్లగానే. "తుపాకి పేలకుంట ఎప్పుడో మధ్యల ఉక్కు కడ్డీ దించి వెల్డింగ్ చేసిన్రు. అటుకెళ్ళి ఇటు తాడు కూడ రాదు. ఇటు దిక్కు కడ్డీ దాక, అటు దిక్కు కడ్డీ దాక, పుల్లకు గుడ్డ చుట్టి తోసింది నేను. మీరు పక్కన కూసోని చెప్పిన్రు. మీరు చెప్పకపోతే నాకు చాతకాకపోయేది, అది కూడ నిజమే."

గోపాలరావు కళ్ళజోడు తీసేశాడు. మహీధర్ నవ్వబోయి మానుకున్నాడు. సుధేష్ణ ఇంగ్లీషులోకి మార్చడం ఆపేసి తల్లివైపు చూస్తూ ఉండిపోయింది, అబిగేయిల్ మోచేత్తో తట్టాక చెప్పింది.

కొండల్ రావు తన చేతులు ఒళ్ళోంచి తీసి అందరికీ కనిపించేట్టు బల్లమీద పెట్టాడు. అవి వణుకుతున్నాయి.

"గిట్ల ఉన్నయ్," అన్నాడు. "చెప్పబుద్ధి కాలే."

అబిగేయిల్ ఆ చేతుల్ని నర్సు చూసినట్టు చూసింది, తర్వాత దేవకుమారి చేతుల్ని చూసింది. సుధేష్ణతో ఏదో అంది.

"మంగళవారం ఇద్దరినీ రమ్మంటోంది," అంది సుధేష్ణ. "నాలుగూ బల్ల మీద పెట్టి ఉంచుతుందట. కుర్చీలు రెండు వేస్తుందట."

కుర్చీలు కదలడం మొదలైంది. గోపాలరావు మాత్రం కూర్చున్నచోటునుంచి లేవలేదు. లెక్కల మాస్టారికి కూడా ఒక్కటి తేలలేదు.

"అది సరే కొండల్ రావు గారూ," అన్నాడు. "ఇంతకీ ఆ పిల్లవాడేమన్నాడు?"

కొండల్ రావు నోరు తెరిచాడు. భార్య వైపు చూశాడు.

"ఆమెనడుగున్రి," అన్నాడు. "ఆ గొట్టంల అంత దూరం పోయింది ఆమెనే."