దర్జీ తాత కోసం అచ్చేసిన చేప

"నమల్లేనివాళ్లచేత చేప తినిపించడమంటే మాటలా?" అంటూ ఆస్పత్రి వంటాయన టీకొట్టు బల్లమీద బాసింపట్టు వేసుకు కూచున్నాడు. వినేవాళ్లు నలుగురున్నారంటే చాలు, ఆయనకి ఊపొచ్చేస్తుంది.

"ముళ్లు తీసి మెత్తగా రుబ్బిన చేపముద్ద, పళ్లెంలో వేస్తే గోడకి కొట్టే సున్నంలా ఉంటుంది. ఆరో నంబరు మంచం మీది దర్జీ తాత దాన్ని చూసి మొహం తిప్పేసుకున్నాడు. మెత్తటిది మింగొచ్చని డాక్టరు చెప్పినా సరే, చేప చేపలా ఉంటేనే తింటానన్నాడు. పది రోజులుగా తిండికి ముక్కులో గొట్టమే. ఆయనకంత పంతముంటే నాకుండదా? మా వంటగదికి తిండి అచ్చేసే మిషనొచ్చిందిగా, సూదిలోంచి ముద్ద దారంలా దిగి పొరమీద పొర పేరుకుంటుంది. నింపి మీట నొక్కా. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చేపొచ్చింది," అన్నాడు టీకొట్టాయన.

"కూలబడింది! నీరెక్కువైంది మరి. గిన్నె మంచుగడ్డల మీద పెట్టి, ఉప్పేసి పిసికితే ముద్ద బంకలా సాగింది. అంతే, రెండో దెబ్బకే చేప! పొలుసులు లెక్కపెట్టుకోవచ్చు. నన్ను చూసి కన్ను కొట్టింది కూడా."

"చేపకి రెప్పలుండవుగా?" అన్నాడు వ్యాను డ్రైవరు.

"ఆ సంగతి మిషనుకి తెలీదు కదయ్యా! ఆవిరి పట్టగానే తోకాడించి, ఒక్క గెంతున తూములో దూకి, తిన్నగా నదిలోకి పోయింది. నేనూ దూకా. అక్కడి చేపలన్నీ దాని చుట్టూ చేరి, ఒంట్లో ముళ్లు లేకుండా ఎంత హాయిగా ఉన్నావే అని కుళ్లుకుని, మమ్మల్నీ అచ్చెయ్యమని మా కిటికీ కింద వరస కట్టాయి!"

"తమ్ముడూ," అంది వెనక టీ తాగుతున్న నర్సు. "ఆవేళ డ్యూటీ నాదే. నదీ లేదు, వరసా లేదు. పదహారుసార్లు కూలింది. పదిహేడోది చెప్పులా వచ్చింది."

కొట్టంతా గొల్లుమంది. వంటాయన మొహం కందిపోయింది.

నర్సే మళ్లీ అందుకుంది. "దాన్ని చూసి తాత, 'కుట్టు తప్పిందిరా అబ్బాయ్' అని పడీపడీ నవ్వాడు. నవ్వుతూనే మొత్తం తినేశాడు. రెండ్రోజుల్లో గొట్టం తీసేశారు."

నవ్వులు ఆగిపోయాయి. వంటాయన గ్లాసు కిందపెట్టి, "మరీ చెప్పులా ఉందా అక్కా?" అన్నాడు మెల్లగా.

"అచ్చం చెప్పే."

ఆయన లేచి చేతులు దులుపుకున్నాడు.

"టీ పూర్తి చెయ్యవేం?" అంది నర్సు.

"మధ్యాహ్నం భోజనాల వేళకింకా రెండు గంటలుంది," అంటూ వంటగదివైపు నడిచాడు. "ఇంకో పదిహేడుసార్లు వెయ్యొచ్చు."