ఎక్కేకొద్దీ తగ్గే అద్దె

ఇంబాబా పేటలో మా వీధి కాఫీ కొట్టు దగ్గర మెత్వల్లీ మామ గొంతు సవరించుకున్నాడంటే ఇక పనులు మానుకోవాల్సిందే.

"ఒరే నాజీ, ఆ ఏడుపు మొహం ఆపి టీ తాగు. గురువారంలోగా ఇంటి తాళంచెవి చూపించకపోతే పిల్లనివ్వనన్నాడా దాని తండ్రి? ఇంతేగా! నాకైతే పాత ఇంటాయన ఖాళీ చెయ్యడానికి ఒక్క పూటే గడువిచ్చాడు. నేను కంగారుపడ్డానా? బ్రోకర్ల జోలికే పోలేదు, వాళ్లు గుమ్మం చూపించినందుక్కూడా గుంజుతారు. తిన్నగా ఓ మేడ ఓనరు దగ్గరికెళ్లా. లిఫ్టు లేదుగా, మొదటి అంతస్తు వెయ్యి పౌండ్లట, ఆపైన ఎక్కేకొద్దీ అంతస్తుకి వంద తగ్గింపు. ఏడోది నాలుగొందలకి ఖాయం చేసుకున్నా."

"ఏడంతస్తులు నువ్వెక్కావా మామా?" అన్నాను నేను.

"మధ్యలో రాకు, అసలు కథ ముందుంది. మన ఓనర్ల సంగతి తెలుసుగా, మున్సిపాలిటీ వాళ్లు అటు తిరిగితే చాలు, ఇటో అంతస్తు లేపేస్తారు. నేను ఏడోదానికి చేరేసరికి పైన ఎనిమిదోది కట్టేశారు! ఎక్కా. ఈలోగా తొమ్మిదోది! పదకొండుకెళ్లేసరికి అద్దె సున్నా. ఇంకొకడైతే అక్కడే చాప పరిచేవాడు. నేనాగుతానా? పన్నెండోది ఎక్కా. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఓనరే నెలనెలా నాకు వంద ఇవ్వాల్సొచ్చింది!"

"నిజంగానా మామా?" నాజీ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

"అబద్ధమైతే నా మీసం తీసేయ్. ఇరవై రెండో అంతస్తులో ఆగా, ఇప్పటికీ అక్కడే కాపురం. బాల్కనీలోంచి తాడుకట్టి బుట్ట దించితే, పొద్దున్న పెట్టిన వేడి వేడి చిక్కుడు గింజలు పైకొచ్చేసరికి మధ్యాహ్నం. పోయిన రంజాన్‌కి మీరంతా ఉపవాసం విడిచి, తిని, టీలు తాగి పడుకున్నా నాకింకా సూర్యుడు కనిపిస్తూనే ఉన్నాడు. మీరిక్కడ పండగ చేసుకుంటుంటే నాకు ముందురోజు పొద్దే గుంకలేదు!"

కొట్టంతా గొల్లున నవ్వింది. నాజీ మాత్రం నవ్వలేదు, లేచి మామ చెయ్యి పట్టుకున్నాడు.

"ఇప్పుడే పద మామా. ఎన్నో అంతస్తైనా ఎక్కుతా. ఇంకా రెండ్రోజులే ఉంది, ఆ పిల్లని వేరేవాడికిచ్చేస్తారు."

"ఇప్పుడా? ఇప్పుడు ఓనరు ఊళ్లో లేడే..." మామ నసిగాడు.

పక్క మేడకి కాపలా కాసే ఖలఫ్ హుక్కా గొట్టం నోట్లోంచి తీశాడు.

"మెత్వల్లీ, 'చెల్లెలింటి వరండాలో పడుకోలేక చస్తున్నాను, మీ మేడ మెట్ల కింద గది నాకిప్పించు' అని మూడు రోజులుగా నా కాళ్లా వేళ్లా పడుతున్నావు కదయ్యా. ఇంత మేడ ఉందని చెప్పవేం! నీకోసం ఆ గది అనవసరంగా ఆపి ఉంచాను."

జేబులోంచి తాళంచెవి తీసి నాజీ చేతిలో పెట్టాడు. "పోరా, పిల్ల తండ్రికి చూపించు."

మెత్వల్లీ మామ నోరు తెరిచేసరికి నాజీ వీధి మలుపు దాటేశాడు.