పండుకున్నందుకు డబ్బులు

"తాతా, ఆ బెంగుళూరు హోటలోళ్లు మళ్లీ మెసేజ్ పెట్టినారు. ఎన్ని స్టార్లు ఇయ్యమంటావు? అవ్వకు రెండో కంటికి పోయేటప్పుడు కూడా అదే రూము బుక్ చెయ్యనా?"

స్టార్లా? ఇంకా వదల్లేదా షబానా వాళ్లు నన్ను? ఆడ ఉన్న రెండు రోజులు ఫోను కొడితే ఎత్తినోడు లేడు. ఇంటికొచ్చినాంక మాత్రం అల్లునికంటే ఎక్కువ యోగక్షేమాలు అడుగుతా ఉన్నారు. రా, ఈ మంచం మీద కూర్చో. ఆ ఫోను రొంత పక్కన పెట్టు. ఎన్ని స్టార్లు అంటే టక్కున చెప్పేదానికి అదేమన్నా పరీక్ష మార్కులా? మొదట్నుంచి చెప్తేనే నీకు అర్థమయ్యేది.

మొదట నా తెలివి సంగతి చెప్పుకోవాల. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గొర్రెల బేరమే గదా నాది. నోరు తెరిచి పళ్లు చూసినానంటే వయసు చెప్తా, నడుం మీద చెయ్యేసినానంటే కండ ఎంతో ఎముక ఎంతో చెప్తా. ఒక్కసారి కూడా మోసపోలేదు. ఆ... ఒక్కసారి పోయినాలే. పుల్లలచెరువు కాడ ఒకాయన పొట్టేలుకు కడుపు నిండా నీళ్లు తాపి, బరువు చూడు ఎంతుందో అని నాకు అంటగట్టినాడు. మనుషులకే నీళ్లు దొరకని ఊర్లో పొట్టేలుకు అన్ని నీళ్లు యాడ తెచ్చినాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు. సరే, అది పోనియ్యి. అట్లాంటి నేను నీ ఫోన్లో ఆ రూము ఫోటో చూసి, "ఇదే పాపా, దీన్ని వదలద్దు" అన్నా. గుర్తుందా? నువ్వు ఇంకోటి చూపిస్తా ఉంటే కూడా వద్దన్నా. కిటికీ, కిటికీకి తెల్ల పరదా, పరదా మీద ఎండ. ఫోటోకు నోరు తెరిచి పళ్లు చూడలేం గదా తల్లీ.

అసలు నన్నడిగితే, పండుకున్నందుకు మనిషి డబ్బులు కట్టడమేంది? నవ్వుతావేంది? మా కాలంలో పండుకుంటే మాకే ఇచ్చేవాళ్లు. అబద్ధం కాదు. మా నాయన, నేను ఎండాకాలం అర్ధవీడు కాడి నుంచి మంద తోలుకోని త్రిపురాంతకం దిక్కు పోయేవాళ్లం. ఆడ రైతులు దోవలోకి ఎదురొచ్చి, "అబ్బాయ్, ఈ రాత్రికి మా చేన్లో మంద పెట్టండి" అని బతిమాలేవాళ్లు. మందంతా ఒక చేన్లో పండుకోబెడితే తెల్లారేసరికి ఆ చేనుకు ఎరువు గదా. దానికి రాత్రికింత అని డబ్బులు, లేకపోతే సజ్జలు, పైన మా ఇద్దరికీ సంగటీ చింతపండు కారం. ఇంటి ఆడమనిషే గంపలో పెట్టుకోని తెచ్చేది. నేను చిన్నోణ్ణి, నా మొగం చూసి ఇస్తన్నారు అనుకునేవాణ్ణి. మా నాయన, "నీ మొగానికి కాదురా, పెంటికలకు" అన్నాడు. అయినా సరే, పండుకున్నందుకు కూలి తీసుకున్న మనిషిని నేను. అది మనసులో పెట్టుకోని ఇను.

మీ అవ్వ సంగతి నీకు తెలుసు. సుగరుకు రెండు కండ్ల వెనక పొర చెడిపోయింది, ఒక కన్ను మరీ ఎక్కువ. మీ అబ్బా టైలరు దుకాణానికి జాకెట్లకు హుక్కులు కుట్టేది గదా, సూదిలో దారం ఎక్కించలేక పక్కింటోళ్లను పిలవడం మొదలుపెట్టినప్పుడు గానీ మాకు తెలీలేదు. మార్కాపురంలో డాక్టరు చూసి బెంగుళూరు పొమ్మన్నాడు. సరే, గిద్దలూరులో రైలెక్కినాం, పొద్దున దిగి నేరుగా ఆస్పత్రికే పోయినాం. ఆడ బీపీ చూస్తే యాడికో ఎక్కి కూర్చోనుంది. ఆ డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "పెద్దాయనా, రేపు పొద్దునకు బీపీ దిగితేనే ఆపరేషను చేస్తాం. దిగకపోతే వెనక్కి పోవాల్సిందే. మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో చెప్పలేం, అంతవరకు ఆ కంట్లో చూపు నిలవదు. రూముకు తీసుకపోయి ప్రశాంతంగా పండబెట్టు" అనింది.

ప్రశాంతంగా! నీ పుణ్యాన రూము ఉంది గదా అని ధైర్యంగా పోయినా.

పరదా తీసినా. కిటికీ ఉంది, అబద్ధమాడలేదు వాళ్లు. కిటికీ అవతల జానెడు దూరంలో గోడ. ఫోటోలో ఎండ యాడ నుంచి వచ్చిందో ఆ దేవునికే తెలియాల, లోపల లైటు పెట్టి తీసినారేమో. మంచం వేసినాంక రూము కట్టినారో, రూముకు కొలతేసి మంచం చేసినారో గానీ, ఒకరు నడవాలంటే ఇంకొకరు మంచమెక్కి కూర్చోవాల. హోటలని పేరు పెట్టుకున్నారా, లోపల ఇడ్లీ లేదు. మన గిద్దలూరులో హోటలని పేరు పెట్టుకోని ఇడ్లీ లేదంటే జనం ఊరుకుంటారా? నీళ్ల బాటిలుకు వేరే డబ్బులు. అవన్నీ ఓర్చుకున్నా తల్లీ. ఆ బాత్రూము మాత్రం...

ఎట్ల చెప్పేది ఆడపిల్లకు. గోడ లేదు. అద్దం! మంచం మీద కూర్చుంటే బాత్రూములో మనిషి చేప మాదిరి కనపడతాడు. ఏ కాలేజీలో చదివినాడమ్మా దాన్ని కట్టినోడు? వానికి అమ్మా అవ్వా ల్యారా? మీ అవ్వ చూసింది. నన్ను చూసింది. మళ్లీ అద్దాన్ని చూసింది. దానికి కోపమొస్తే ముక్కుపుడక అదురుతుంది, చూసినావా ఎప్పుడన్నా? నాకదే బీపీ మిషను. టకటకా అదరడం మొదలుపెట్టింది.

"నువ్వు బయటికి పో" అనింది.

"మన పెళ్లయి ఎన్నేండ్లాయె, నన్ను చూసి..."

"పెళ్లయిందని అద్దంలో కూర్చోవాల్నా? పో!"

పోయినా. పోయేటప్పుడు ఏం జేసినా, తలుపు పక్కన గోడకు ఒక కార్డు పెట్టినారు, తాళంచెవి బదులు. తాళంచెవి వదిలేసి ఎవరన్నా బయటికి పోతారా? పీక్కోని పోయినా. ఆ కార్డు పీకితే కరెంటు పోతుందని నాకేం తెలుసు? మిట్టమధ్యాన్నం, కిటికీ అవతల గోడ, లోపల చిమ్మచీకటి, బాత్రూములో మసక కంటి మనిషి. ఆ కేకలు మీ అబ్బా దుకాణం దాకా ఇనపడలేదూ? లోపలికి పోయి కార్డు పెట్టినా. ముక్కుపుడక సంగతి చెప్పను.

రెండోసారి తెలివిగా కార్డు లోపలే పెట్టి బయటికొచ్చినా. తలుపు దానంతటదే పడిపోయింది. ఇంక మీ అవ్వ తీసేదాకా నేను ఆ వరండాలో నిలబడాల. ఒంటికి పంచె, భుజాన తువ్వాల, అంతే. కాళ్లకు చెప్పులు కూడా లేవు. అటుపక్క పోయేవాళ్లు నన్ను చూసి నడక రొంత తొందర చేస్తా ఉన్నారు.

అప్పుడే పక్క రూము తలుపు తీసుకోని ఒకాయన వచ్చినాడు. నంద్యాల దిక్కు మనిషి, వాళ్లమ్మను చూపిచ్చేదానికి వచ్చినాడంట. "ఏం పెద్దాయనా, బయట నిలబడినావు?" అన్నాడు. అద్దం సంగతి చెప్పినా. "మాదీ అంతే, నేను అద్దానికి దుప్పటి కట్టినా" అన్నాడు. చూడు, ఆ మాత్రం బుద్ధి నాకు పుట్టలా. అట్ల మాటల్లో, "నీకెంత పడింది?" అన్నా. పద్దెనిమిది వందలు అన్నాడు.

నాకు ఇరవై ఎనిమిది వందలు!

అదే రూము, అదే అద్దం, అదే గోడ. "ఎట్లబ్బా?" అంటే, "రేటు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి ఉంటది పెద్దాయనా, ఎప్పుడు నొక్కితే అప్పటి రేటు" అన్నాడు. తల్లీ, నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క సరుకు, రెండు రేట్లా? అదేమన్నా న్యాయమా? ఇంక ఆగలా. వట్టి కాళ్లతోనే కిందికి దిగినా.

కింద బల్ల వెనక ఒక మేనేజరు, మెడకు టై. సోఫాల్లో జనం. ఇప్పుడు నువ్వు చెప్పు, నలుగురి ముందర రేటు గురించి గొంతెత్తి అడగడం మర్యాదేనా? అమ్మేవాని పరువు పోదూ? సంతలో మేమెప్పుడూ అట్ల చెయ్యం. తువ్వాల కప్పి, దాని కింద చెయ్యి పట్టుకోని, వేళ్లతోనే బేరం. పక్కనోనికి తెలీదు. సరే, మంచిగానే పోదామని, బల్ల మీదున్న వాని చేతి మీద నా తువ్వాల కప్పినా. ఒక వేలు పట్టుకున్నా, అంటే వెయ్యి. తర్వాత అయిదు వేళ్లూ కలిపి పట్టినా, మళ్లీ మూడు. అంటే ఎనిమిది వందలు. పక్క రూమాయనకు ఇచ్చిన రేటే నాకూ ఇయ్యి నాయనా, అని. ఎంత మర్యాదగా అడిగినానో చూడు!

వాడు గొర్రెపిల్ల మాదిరి అరిచినాడు. "అంకుల్! అంకుల్! ఏం చేస్తన్నారు?" అని చెయ్యి గుంజుకుంటాడు. ఇష్టం లేని రేటుకు చెయ్యి గుంజుకోవడం మామూలే గదా, నేను ఇంకా గట్టిగా పట్టుకున్నా. సరేలే, రొంత పెంచుదామని ఇంకో వేలు కలిపినా. సోఫాల్లో జనం లేచి నిలబడినారు. గేటుకాడ టోపీ ఆయన పరిగెత్తుకోని వచ్చినాడు. అప్పుడు వెనక నుంచి ఇనపడింది.

మీ అవ్వ నవ్వు.

నేను రాలేదని వెతుక్కుంటా, గోడ పట్టుకోని మెట్లు దిగి వచ్చిందంట. మసక కంటికి ఏం కనపడిందో ఏమో, తువ్వాల మాత్రం కనపడింది. ఆ తువ్వాల కింద ఏం జరుగుతుందో దానికి చెప్పాల్నా? సోఫాలో కూలబడి, కొంగు నోట్లో పెట్టుకోని, ఊగిపోతా నవ్వుతా ఉంది. మేనేజరు దాన్ని చూసినాడు, నన్ను చూసినాడు. తెలుగు వచ్చు వానికి, అడిగితే మీ అవ్వే చెప్పింది సంగతంతా. "రేటు నా చేతిలో లేదు అంకుల్, అంతా సిస్టంలో ఉంటది" అన్నాడు. సిస్టానికి వేళ్లు ఉండవు గదా, ఏం పట్టుకునేది? ఒక్క పైసా తగ్గించలా. "ఇంకేమన్నా కావాల్నా?" అంటే, "బకెట్టు, చెంబు" అనింది మీ అవ్వ. అవి పంపినాడు. అద్దానికి కట్టేదానికి ఒక దుప్పటి కూడా. కార్డు లోపలే ఉండిపోయింది గదా, తలుపు కూడా వాడే తీయించినాడు.

పైకి పోయినాంక నేను ఇంకా ఎగురుతా ఉన్నా. ఒక్క సరుకుకు రెండు రేట్లంట, దొంగ నాయాళ్లు, అని. అది మంచం మీద పండుకోని, "ఏమయ్యో, ఒక్క ఈతలో పుట్టిన గొర్రెపిల్లల్ని ముగ్గురికి మూడు రేట్లకు అమ్మినోనివి నువ్వు, ఆ తువ్వాల కింద. వాళ్లకు తువ్వాల ల్యా, ఫోనుంది. అంతే తేడా" అనింది. అని మళ్లీ నవ్వు. "వాని చెయ్యి... వాని చెయ్యి ఎట్ల గుంజుకున్నాడూ..." అని నవ్వు. రొంతసేపు ఊరుకోవడం, మళ్లీ గుర్తొచ్చి మంచమంతా కదిలిపోయేటట్టు నవ్వు. నాకేమో పరువు పోయి మంట, దానికేమో పండగ. చూస్తా ఉండంగానే, మాట మధ్యలోనే, నిద్రపోయింది. పొద్దు గూకలేదింకా. ముక్కుపుడక చూసినా. కదల్లా.

పొద్దున ఆస్పత్రిలో మిషను కట్టి డాక్టరమ్మ, "భలే దిగిందే! చెప్పినట్టే బాగా రెస్టు ఇచ్చినారు, ఏ హోటల్లో ఉన్నారు?" అనింది. ఆపరేషను చేసినారు.

ఇప్పుడు నాకు మంట ఎందుకో తెలిసిందా పాపా? ఆ బీపీ దించింది ఎవరు? వాళ్ల మంచమా, వాళ్ల గోడా? నేను! నా పరువు పోతే దిగింది. త్రిపురాంతకం రైతులు పెంటికలకు కూడా లెక్కకట్టి ఇచ్చినారు, ఈళ్లు నా పరువుకు ఎదురు ఇయ్యకపోగా, ఇరవై ఎనిమిది వందలు నా దగ్గరే గుంజి, పైన స్టార్లు కూడా కావాలంట! రాయి. ఒక్క స్టారు. బకెట్టుకు. ఇంక ఆ హోటలు పేరు నా ముందర ఎత్తద్దు. రెండో కంటికి ఆస్పత్రి వరండాలో పండుకుంటాం గానీ...

ఏమే? వంటింట్లో నుంచి ఏంది కేక? ఏమంటాంది షబానా, నాకు సరిగా ఇనపడల్యా... అదే రూము చెయ్యమంటాందా? తువ్వాల మర్చిపోవద్దంటాందా?

ఏందీ? నేను నవ్వుతన్నానా? యాడ నవ్వినానే? కోపంగా చెప్తా ఉంటే...

ఇన్నావా తల్లీ? పొయ్యి కాడ నుంచి, ఇంత దూరాన, నా మీసం కింద నవ్వు కనపడిందంట దానికి.

...

సరే, చెయ్యి. అదే చెయ్యి. ఎన్ని స్టార్లో నీ ఇష్టం, వాడు బకెట్టు కూడా ఇచ్చినాడు గదా, పాపం. పొద్దున నొక్కు, సాయంత్రం నొక్కద్దు. ముసలిదానివి అయినాంక కూడా ఎవర్నీ పిలవకుండా నీ సూదిలో దారం నువ్వే ఎక్కించుకుంటా ఉండాల తల్లీ నువ్వు. పో, పో, మీ అబ్బా పిలుస్తా ఉన్నాడు... ఆ దుప్పటి సంగతి మాత్రం ముందే చెప్పు వాళ్లకు, పెద్దది కావాలని...